లోడరు మీద తడి గోనె

అక్షరాలు రాకముందు కూడా నేను చదవగలిగినవి కొన్ని ఉండేవి. వాటిలో ఒకటి మా ఆయన లోడరులో వేడి చూపే ముల్లు. ఆ ముల్లు పచ్చ రంగులో నిలబడిన రోజు మా ఆయన ఇంటికొచ్చి చారు బాగుందనేవాడు. ఎరుపు దగ్గరికి పోయిన రోజు అదే చారులో ఉప్పెక్కువైందనేవాడు. అందుకని పని దిగగానే నేను ముందు ఆ ముల్లు సంగతి కనుక్కుని, తర్వాతే చింతపండు నానబెట్టేదాన్ని.

మా ఆయన లోడరు తోలతాడు. నేను అదే యార్డులో మిషన్లు కడుగుతాను. పోర్టు గోడ అవతల ఓడలు, ఇవతల మా బొగ్గు గుట్టలు. లోడరు ఎలా ఉంటుందో తెలియని వాళ్లకి చెబుతాను. ముందు పెద్ద చేట లాంటి బకెట్టు ఉంటుంది, మనిషెత్తు చక్రాలుంటాయి. ఆ చేటని బొగ్గులోకి దూర్చి, ఎత్తి, లారీలో పోస్తుంది. ఇంజను వెనక భాగంలో ఉంటుంది. దాని వెనక ఫ్యాను, ఫ్యాను వెనక రేడియేటరు. ఇంజను వేడిని నీళ్లు మోసుకొచ్చి రేడియేటరులో పెడితే, ఫ్యాను ఆ వేడిని జాలీలోంచి వెనక్కి ఊదేస్తుంది. ఇదంతా నాకు చెప్పింది మా మేస్త్రి.

మేస్త్రి గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. నన్ను అక్కా అంటాడు. నన్ను అక్కా అన్నాక మా ఆయన బావ అవుతాడు కదా, ఇక ఆ వరస అడ్డం పెట్టుకుని ఇద్దరూ బావా బావా అంటూ పొద్దస్తమానం ఒకరినొకరు దెప్పుకుంటూ ఉంటారు. మేస్త్రి ప్రతి మాటకీ "ఆయ్" అంటాడని మా ఆయన వెక్కిరిస్తాడు. మా ఆయన చేపని సేప అంటాడని మేస్త్రి నవ్వుతాడు. తినేటప్పుడు మాత్రం ఇద్దరికీ అది ఒకే చేప.

బొగ్గు యార్డులో రేడియేటరు కడగడం ఒక పెద్ద పని. ఉత్త బొగ్గు దుమ్మయితే గాలికొడితే పోతుంది. కానీ ఇంజను దగ్గర ఆయిలు చెమ్మ ఉంటుంది, పైన సముద్రపు గాలి తేమ ఉంటుంది. ఈ మూడూ కలిసి రేకుల సందుల్లో కాటుకలా పట్టుకుంటాయి. కాటుక ఊరికే వదులుతుందా? నేను వారానికోసారి కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్లలో పిసికి, ఆ పులుసు రేకుల మీద చల్లి కాసేపు నానబెట్టేదాన్ని. మొదటిసారి చూసినప్పుడు మేస్త్రి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"ఏంటక్కా, లోడరుకి తలంటా?"

"మరేటి, నూని కారతంటే తలంటక ఏటి సేత్తారు?"

"ఆయ్. సాంబ్రాణి కూడా వేసెయ్యండి, ఓ పనైపోతుంది."

నవ్వాడు గానీ కడిగే పద్ధతి నేర్పింది అతనే. గాలి లోపలి నుంచి బయటికి పోతుంది కనుక దుమ్ము లోపలి వైపే పట్టుకుంటుంది. అందుకని బయటి నుంచి లోపలికి కడగాలి, గాలికి ఎదురు. పైపు దూరంగా పెట్టి, తిన్నగా పట్టాలి. దగ్గరగా పెట్టి వాలుగా కొడితే ఆ పల్చటి రేకులు చెవుల్లా మడతపడిపోతాయి, ఇక ఆ సందు మూసుకుపోయినట్టే. మడతపడినవాటిని నేను పాత దువ్వెనతో సరిచేసేదాన్ని. తలంటు పోసినాక దువ్వకపోతే ఎలా అని మేస్త్రే నాకు ఆ దువ్వెన తెచ్చి ఇచ్చాడు.

ఆ ఏడు ఎండాకాలం ముందే వచ్చింది. విశాఖలో ఎండ అంటే ఎండ ఒక్కటే కాదు, ఉక్క. చెమట పడుతుంది గానీ ఆరదు. మనుషులమే అలా ఉంటే, కడుపులో డీజిలు మండే మిషను గతి చెప్పక్కర్లేదు. మా ఆయన లోడరు ముల్లు మధ్యాహ్నాలు పచ్చ దాటడం మొదలుపెట్టింది. ఆయన ఆపి, చల్లారాక నీళ్లు పోసి, మళ్లీ తోలేవాడు. ఏ నీళ్లంటే, యార్డు బోరు నీళ్లు. ఆ నీళ్లతో అన్నం వండితే బియ్యం ఉడకవు, బట్టలుతికితే నురగ రాదు. ఇంజనుకి మాత్రం అవే దిక్కు.

ఒకరోజు ఓడ సరుకు దిగుతుండగా, లారీలు వరస కట్టి ఉండగా, ముల్లు ఎరుపులోకి పోయి లోడరు ఆగిపోయింది. వెనక లారీల వాళ్లు హారన్లు. ఇంచార్జి బాబు హెల్మెట్టు చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెడ్డవాడు కాదు, కానీ పైనుంచి అతన్ని అరిచేవాళ్లు ఉన్నారు.

"ఇది ముసలిదైపోయిందయ్యా. వచ్చే ఓడకి ఇలాగే ఆగిందంటే తుక్కు కింద కటింగుకి పంపించేస్తాం. కొత్తది వస్తాది."

"కొత్తది తోలతాను బాబూ," అన్నాడు మా ఆయన.

"దానికి ఐటీఐ పిల్లలే. అందులో అంతా స్క్రీను. నీకు అచ్యుతాపురం షెడ్డులో గేటు దగ్గర ఏదో చూస్తాలే. కుర్చీ ఇస్తారు, నీడ ఉంటాది."

కుర్చీ, నీడ అన్న మాట ఇంకొకరికైతే వరం. మా ఆయన మాత్రం ఆ రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"గేటు కాడ ఏటి సేత్తారే?"

"వచ్చినోళ్లని ఎవరని అడుగుతారు."

"తరువాతా?"

"ఎల్లినోళ్లని ఎందుకెల్తన్నారని అడుగుతారు."

ఆయన నవ్వలేదు. మా పెళ్లయిన కొత్తలోనే ఆయన మిషన్ల మీద ఎక్కాడు. ఆ సీటు ఎత్తు నుంచే లోకాన్ని చూశాడు. కింద కుర్చీలో కూర్చుంటే ఆయన పొట్టివాడన్న సంగతి ఆయనకే తెలిసిపోతుంది. నా బాధ నాకుంది. గేటు డ్యూటీ అంటే రోజు విడిచి రోజు ఇంట్లో ఉంటాడు. పొయ్యి దగ్గర నిలబడి ఇప్పుడు మంట తగ్గించు, ఇప్పుడు మూత తియ్యి అని ఇంజనుకి చేసిన సేవంతా నా కూరకి చేస్తాడు. ఆ సీటు ఆయనకి ఎంత కావాలో, ఆయన ఆ సీటులో ఉండడం నాకూ అంతే కావాలి.

మర్నాడు మేస్త్రి లోడరుని మా యార్డు షెడ్డులో పెట్టాడు. రాత్రంతా చల్లారింది కనుక రేడియేటరు మూత తీశాడు. వేడి మీద ఆ మూత ముట్టుకోకూడదని ఎవరికైనా చెప్పాలంటే మేస్త్రి మా ఆయన ముంజేయి చూపిస్తాడు. ఎప్పుడో తొందరపడి మూత తిప్పితే ఆవిరి చిమ్మి కాలిన మచ్చ అది. "మా బావగారు మాకు హెచ్చరిక బోర్డండి," అంటాడు.

లోపలి నుంచి వచ్చిన నీళ్లు చూసి నాకు అసహ్యం వేసింది. తుప్పు రంగు మజ్జిగలా ఉన్నాయి. నీళ్లు కాచుకునే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, అదే లోపల గొట్టాలన్నిటికీ కట్టింది. మేస్త్రి ఏదో మందు పోసి, ఇంజను తిప్పి, ఒంపి, మళ్లీ పోసి, తేట నీళ్లు వచ్చేదాకా కడిగాడు. ఫ్యాను బెల్టు వదులైతే బిగించాడు. ఒక రబ్బరు గొట్టం వేలితో నొక్కితే అప్పడంలా చిట్లింది, అది మార్చాడు. ఆఖరికి బోరు నీళ్లు కాదని శుద్ధి చేసిన నీళ్లలో ఇంజనుని చల్లబరిచే పచ్చటి కూలెంటు కలిపి పోశాడు. బోరు నీళ్లు ఇక దీని దరిదాపుల్లో కనబడకూడదని మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను బయట తలంటు పోశాను, దువ్వాను. ఇంత సేవ మా పెద్దమ్మాయి బాలింతగా ఉన్నప్పుడు కూడా ఆ పిల్లకి జరగలేదు.

షెడ్డులో నిలబెట్టి గంట సేపు గట్టిగా నడిపారు. ముల్లు పచ్చ మధ్యలో కదలకుండా కూర్చుంది. మా ఆయన ముఖం వెలిగింది. లోడరు తీసుకుని గుట్ట దగ్గరికి వెళ్లాడు. మధ్యాహ్నానికి ముల్లు మళ్లీ ఎరుపు అంచున ఉంది.

వెనక్కి తెచ్చారు. షెడ్డులో మళ్లీ పచ్చ. బయటికి పోతే మళ్లీ ఎరుపు. అప్పుడు బావాబామ్మర్దులిద్దరికీ నిజం పోట్లాట అయింది.

"మీరు తోలడంలో ఉందండి తేడా. కిందామీదా పడి రెయిజు చేసేస్తారు."

"నాను తోలడం నిన్న నేర్సుకోలేదు బావా. నీ సేతిలోనే ఏదో ఉన్నాది."

"నా చేతిలో పానా ఉందండి. ఆయ్. దూరంగా ఉండండి."

రెండు రోజుల్లో ఓడ. మేస్త్రి తల గోక్కుంటూ ఇంకో మిషను పని మీద కూర్చున్నాడు. 

ఇక్కడ గోనె సంగతి చెప్పాలి. మా షెడ్డులో తాగే నీళ్ల కుండకి ఎండాకాలం తడి గోనె చుడతాం. నీళ్లు ఐసులా ఉంటాయి. లోడరు మొదటిసారి వేడెక్కినప్పుడే మా ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. కుండకి పనిచేసింది ఇంజనుకి ఎందుకు పనిచెయ్యదు? ఒక గోనె సంచి విప్పి, తడిపి, గుట్ట దగ్గరికి వెళ్లగానే లోడరు వెనక జాలీకి తాళ్లతో కట్టేవాడు. ఎండ పడకుండా నీడ, పైగా చల్లదనం. ముల్లు పైకి పోయినకొద్దీ ఇంకో బాటిలు నీళ్లు గోనె మీద పోసేవాడు. షెడ్డుకి తెచ్చేటప్పుడు విప్పి సీటు వెనక పెట్టేవాడు. శుభ్రమైన మనిషి, తడి గోనెతో షెడ్డులోకి రాడు. అందుకని మేస్త్రి ఆ గోనెని ఎప్పుడూ చూడలేదు. నేను ఒకటి రెండు సార్లు దూరం నుంచి చూశాను. పిల్లవాడికి జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టు ఉంది, పాపం ఎంత ప్రేమో అనుకున్నాను.

ఓడకి ముందురోజు మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకుని గుట్ట దగ్గరికే వెళ్లాను. బాగా పనిచేసిన ఇంజనుని వెంటనే ఆపకూడదు, కాసేపు ఊరికే తిరగనిచ్చి ఆపాలి. ఆ కాసేపట్లో లోడరు వెనక నిలబడితే వేడి గాలి ఈడ్చి కొడుతుంది. కడిగే పనిలో నా చీర కుచ్చిళ్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఆ గాలిలో నిలబడి ఆరబెట్టుకోవడం నాకు అలవాటు. ఆ రోజూ అలాగే వెళ్లి వెనక నిలబడ్డాను.

చీర కదల్లేదు.

ఇంజను తిరుగుతోంది, ఫ్యాను మోత వినబడుతోంది, నా కుచ్చిళ్లు మాత్రం తడిసిన కాకిలా వేలాడుతున్నాయి. గోనె మీద చెయ్యి పెట్టాను. చుర్రుమంది. ఒక మూల తాడు వదులు చేసి గోనె ఎత్తాను. లోపల ఆగిపోయిన వేడంతా ఒక్కసారి నా ముఖం మీదికి తన్నుకొచ్చింది. కళ్లు మూసుకుని వెనక్కి దూకాను. మళ్లీ గోనె వదిలాను, గాలి ఆగిపోయింది. ఎత్తాను, వచ్చింది.

మా ఆయన ఇంజను ఆపి కిందికి దిగాడు.

"గోనె ఎందుకు పీకుతన్నావే? ఇప్పుడే తడిపినాను."

"మావా, దీని వల్ల గాలి బయటికి రావట్లేదు. సూడు."

"నీకు ఇంజను సంగతేటి తెలుసు? కడగడం నీ పని, తోలడం నా పని. అన్నం ఎట్టు."

పెట్టాను. తిన్నాడు. లారీ నీడలో కండువా పరుచుకుని పడుకున్నాడు. నిద్ర కాదు, కళ్లు తెరుచుకునే ఉన్నాయి. రేపటి గురించే ఆలోచన. నేను ఆయన తువ్వాలు బాగా తడిపి, పిండకుండా, ముఖం మీద పరిచాను.

"అబ్బ, సల్లగుందే," అన్నాడు.

"ఉంటాది మరి." నేను తువ్వాలు అంచుల్ని అటూ ఇటూ చెవుల కింద దోపాను. ముక్కూ నోరూ బాగా కప్పాను.

కొంచెం సేపు అలాగే పడుకున్నాడు. తర్వాత తువ్వాలు పైకీ కిందకీ లేవడం మొదలైంది. తర్వాత కాళ్లు కదిలాయి. దిగ్గున లేచి తువ్వాలు లాగి పారేశాడు.

"సంపేత్తావేటే! ఊపిరాడతల్లేదు!"

"సల్లగుందన్నావు కదా?"

"సల్లగుంటే సరా? ఊపిరాడొద్దా?"

నేను లోడరు వైపు చూశాను. ఆయన కూడా చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంజనుకి ముక్కుందేటి?" అన్నాడు చివరికి.

"ఉంది. ఎనకనుంది. నువ్వే మూసినావు."

లేచి వెళ్లాడు. ఇంజను స్టార్టు చేసి వచ్చి గోనె ఎత్తాడు, వదిలాడు, మళ్లీ ఎత్తాడు. నేను చేసినట్టే. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఒప్పుకుంటాడేమో అనుకున్నాను.

"తడి ఎక్కువైపోనాది," అన్నాడు. "రేపు కాస్త పొడిగా కడతాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ మేస్త్రి చేతిలో తప్పుందని యార్డంతా వినబడేట్టు అరిచాడు కదా. ఇప్పుడు గోనె అని బయటపడితే మేస్త్రి ఎంతకాలం నవ్వుతాడో ఆయనకి తెలుసు. పొడి గోనె కడతానన్నాడంటే ఆ మనిషి ముల్లుకి కాదు, ఆ నవ్వుకి భయపడుతున్నాడు.

ఇంటికొచ్చాక గోనె దాచేద్దామా అనుకున్నాను. దాస్తే ఇంకోటి తెస్తాడు. యార్డులో గోనె సంచులకి కరువా? మేస్త్రితో చెప్పేద్దామా అనుకున్నాను. అప్పుడు సీటు మిగులుతుంది, దాని మీద కూర్చునేవాడు ఏడాదిపాటు నాతో మాట్లాడడు. ఏమీ చెయ్యలేదు. సీటు ఆయనది, ఆయనే తేల్చుకోవాలి.

ఓడ వచ్చిన పొద్దున గోనె భుజాన వేసుకునే బయల్దేరాడు.  నేను కడిగే చోటు నుంచి గుట్ట కనబడుతుంది గానీ వెనక జాలీ కనబడదు. లోడరు వెనక భాగం ఎప్పుడూ అటు తిరిగే ఉంటుంది. ఒక లారీ నిండింది, ఇంకోటి నిండింది. ఎండ ఎక్కింది. ఇంచార్జి బాబు గొడుగు వేసుకుని వచ్చి అక్కడే నిలబడ్డాడు. మేస్త్రి కూడా పానా చేత్తో పట్టుకుని గుట్ట దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు, పిలవకుండానే. నేను ఒకే చక్రాన్ని మళ్లీ మళ్లీ కడుగుతున్నాను. అది కడగడానికి పెట్టిన చక్రం కూడా కాదు.

ఒకసారి లోడరు వెనక్కి వచ్చినప్పుడు దాని వెనక భాగం పూర్తిగా ఇటు తిరిగింది. జాలీ ఉత్తగా ఉంది. నల్లగా, శుభ్రంగా, నేను దువ్వింది దువ్వినట్టు. గోనె కోసం వెతికాను. మా ఆయన సీటు మీద మడత పెట్టి, దాని మీద దర్జాగా కూర్చున్నాడు. అంత ఎత్తుగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం దాటింది. వరసలో లారీలు తగ్గాయి. ఇంచార్జి బాబు నిచ్చెన ఎక్కి లోపలికి తల పెట్టి ముల్లు చూశాడు. వేలితో అద్దం మీద కొట్టి మళ్లీ చూశాడు. నేను పైపు పారేసి దగ్గరికి వెళ్లాను.

"పచ్చలోనే ఉందయ్యా," అన్నాడు దిగుతూ. ఆ మాటలో కొంచెం నిరాశ కూడా ఉందనిపించింది, కొత్త మిషను మీద అతనికీ ఆశ ఉండి ఉంటుంది. "సరే. ఇది నడిచినంతకాలం నడపండి. నువ్వే తోలు. ఇంకెవరికీ దీని వేషాలు తెలియవు."

అతను వెళ్లగానే మేస్త్రి ముందుకొచ్చాడు.

"బావగారూ, నిన్నటిదాకా ఎర్రగా పోయిన ముల్లు ఈ రోజు బుద్ధిగా ఎలా కూర్చుందండి?"

మా ఆయన నా వైపు చూడలేదు. పై నుంచి మేస్త్రి వైపు చూశాడు.

"గాలి బావా, గాలి. ఎనక నుంచి గాలి తిన్నగా పోవాల. మేస్త్రీవి, ఆ మాత్రం తెల్దేటి?"

మేస్త్రి సీటు మీది గోనె చూశాడు, దాని అంచున ఉన్న తాళ్లు చూశాడు, ఖాళీ జాలీ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఆయ్," అన్నాడు మెల్లగా. "తెలిసిందండి. ఇప్పుడు బాగా తెలిసింది." ఇంకేమీ అనలేదు. మంచివాడు. ఆ రోజుకి మాత్రం మంచివాడు. తర్వాత ఎండాకాలమంతా మా ఆయన కనబడినప్పుడల్లా "దుప్పటి కప్పమంటారా బావగారూ?" అనే పలకరించాడు.

మేస్త్రి వెళ్లాక మా ఆయన దిగకుండా కిటికీలోంచి కిందికి వంగాడు. ఇంజను చప్పుడులో గట్టిగా అరవాల్సి వచ్చింది.

"ఇంచార్జి బాబు ఏటన్నాడే?"

"నువ్వు ఇన్నావు కదా?"

"సరిగ్గా ఇనబడలేదు. సెప్పు."

"నువ్వే తోలమన్నాడు."

"ఇంకా?"

"ఇంకెవరికీ దీని ఏసాలు తెలవవన్నాడు."

"ఆ మాట ఇంకోసారి సెప్పు."

చెప్పాను. ఆయన తల ఊపి, తలుపు వేసుకుని, చేట ఎత్తుకుని గుట్ట వైపు వెళ్లాడు. తర్వాతి లారీ నింపి వచ్చి, నా దగ్గర ఆపి, కిటికీ దింపి మళ్లీ అడిగాడు. ఈసారి నేను సొంతంగా ఇంకో రెండు ముక్కలు కలిపి చెప్పాను. ఆయనకి అవి కూడా సరిగ్గా వినబడలేదట.